మేఫ్లవర్ హోటలులోని సంఘముల పట్టిక

ఈ శతవార్షికోత్సవ సంచికలో మందిరములు కట్టినవారిని గూర్చియు, బడులు పెట్టినవారిని గూర్చియు పెద్దలు వ్రాయుదురు గనుక మేము మరియొక సంగతి ఎంచుకొంటిమి. త్రాగుడు మానదలచిన మనిషి ఎక్కడికి పోవలెను? 1935లో ఒక సంఘకాపరికి ఈ ప్రశ్న టెలిఫోనులో వచ్చినది. మాకు అది మందిరపు గుమ్మములో వచ్చినది.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములోని ఒక సోదరి ఆరాధన ముగిసిన తరువాత ఆగి, “అయ్యగారూ, ఆయన మానేస్తానంటున్నాడండీ. ఎక్కడికి తీసుకుపొమ్మంటారు?” అని అడిగినది. వేదాంత కళాశాలలో ఆ పాఠము మాకెవరును చెప్పలేదు. మేము అతనిచేత బైబిలు మీద చెయ్యి పెట్టించి ప్రమాణము చేయించితిమి. అతడు ఆ దినమే మానినాడు. మూడవ దినమున ఫిట్సు వచ్చి ఆసుపత్రి పాలైనాడు. ఏండ్ల తరబడి ప్రతిదినము విస్తారముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినయెడల వణకు, ఫిట్సు, మతిభ్రమ, ఒక్కొక్కప్పుడు మరణము కూడ సంభవించునని, వైద్యుని పర్యవేక్షణలోనే మాన్పించవలెనని మాకు అప్పుడు తెలిసినది. తెలియక చేసినదైనను తప్పు మాదే.

ఇక 1935 సంగతి. న్యూయార్కులో షేర్ల వ్యాపారము చేసిన బిల్ విల్సన్ అనునతడు త్రాగుడువలన సర్వము పోగొట్టుకొని, 1934 డిసెంబరులో టౌన్స్ ఆసుపత్రిలో చేరి మానినాడు. ఆ ఉత్సాహములో కనబడిన త్రాగుబోతుకెల్ల బోధించెను. అయిదు నెలలు గడిచినను ఒక్కడును మానలేదు. అతని వైద్యుడు సిల్క్‌వర్త్, బోధ తగ్గించి ముందు ఆ జబ్బు ఎట్టిదో చెప్పుమని సలహా ఇచ్చినాడు. (బోధకులమైన మాకు ఈ మాట కొంచెము గుచ్చుకొన్నది.)

1935 మే నెలలో వ్యాపారపు పనిమీద ఒహాయో రాష్ట్రములోని ఏక్రన్ పట్టణమునకు పోయినాడు. ఆ పని చెడినది. శనివారము సాయంకాలము, చేతిలో పది డాలర్లకు మించి లేవు. మేఫ్లవర్ హోటలు వసారాలో ఒక ప్రక్క బారు, మరియొక ప్రక్క ఊరిలోని సంఘముల పట్టిక. బారువైపు కాళ్లు లాగుచుండగా, తాను నిలువవలెనంటే మరియొక త్రాగుబోతుతో మాటలాడవలెనని అతనికి తోచినది. పట్టికలోని పేర్లలో నుండి వాల్టర్ టంక్స్ అను ఎపిస్కోపల్ గురువుగారికి ఫోను చేసినాడు. త్రాగుబోతు కావలెనని అడిగిన పరదేశిని ఆ గురువుగారు కసరలేదు, ప్రసంగము చేయలేదు. సుమారు పది మంది పేర్లు చెప్పినారు. ఆ పేర్ల వెంట వెదకగా హెన్రియెట్టా సైబర్లింగ్ అను స్త్రీ దొరికినది. మరునాడు మే 12, మాతృదినము. ఆమె ఇంటిలో డాక్టర్ బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుని అతనితో కలిపినది. పదునైదు నిమిషములు మాత్రమే కూర్చుండెదనని వచ్చిన డాక్టరుగారు రాత్రి పదకొండు దాటువరకు లేవలేదు. అప్పటివరకు ఆయనకు బుద్ధి చెప్పినవారు అనేకులు. తానూ త్రాగి చెడితినని చెప్పినవాడు ఇతడే. డాక్టరుగారు మరల ఒకసారి పడి లేచినారు. ఆయన కడపటి గ్లాసు త్రాగిన దినమని జూన్ 10ని ఆల్కహాలిక్స్ అనానిమస్ జన్మదినముగా వారు నేటికిని ఎంచుదురు.

ఆ పేరు 1939లో వెలువడిన వారి గ్రంథమునుండి స్థిరపడినది. మొదట వారు ఆక్స్‌ఫర్డ్ గ్రూపు అను క్రైస్తవ సహవాసములోనే కూడుకొనిరి గాని, న్యూయార్కువారు 1937లోను, ఏక్రనువారు 1939లోను వేరుపడిరి. వారు ఏ మతమునకును చెందినవారు కారు. సభ్యత్వమునకు మానవలెనను కోరిక తప్ప రుసుము లేదు. దీనివలన మనలో కొందరు ముఖము చిట్లించుదురు. అయితే 2020లో కోక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్ష, పూర్తిగా మానియుండు విషయములో ఈ మార్గమునకు మళ్లించు చికిత్స ఇతర చికిత్సలకన్న మెరుగని కనుగొన్నది. భారతదేశములో ఈ పని 1957లో మొదలైనది.

మన దేశమున త్రాగుడుమీద పోరు లేకపోలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణము మూయించిరి. 1993లో సారా నిషేధము, 1995లో సంపూర్ణ నిషేధము వచ్చినవి. 1997లో అది సడలినది. ఆ తల్లుల ధైర్యమునకు మేము నమస్కరించెదము. అయినను దుకాణము మూసిన రాత్రి వణకుచు కూర్చున్నవాని ప్రక్కన ఎవరు కూర్చుండవలెను?

మా సంఘపు సోదరుని సంగతికి వచ్చెదము. ఆసుపత్రిలోని మానసిక వైద్యుడే మాకు దారి చూపినారు: ప్రక్క పట్టణములో ఒక పాఠశాల గదిలో వారమునకు రెండు సాయంకాలములు కూటము. (ఇప్పుడైతే 14446 అను ప్రభుత్వపు ఉచిత ఫోను నంబరున్నది.) కొన్ని కూటములకు ఎవరైనను పోవచ్చును, కొన్ని త్రాగుడు సమస్య గలవారికి మాత్రమే. ఆ దినము రెండవ రకము గనుక మేము వరండాలో బల్లమీద కూర్చుంటిమి. లోపలనుండి ఒకసారి నవ్వులు వినబడినవి. మేము ఏడ్పు వినబడుననుకొంటిమి. తిరుగు బస్సులో చాలసేపు అతడు మాటలాడలేదు. తరువాత, “అయ్యగారూ, అక్కడ నన్నెవరూ తిట్టలేదండీ” అన్నాడు.

ఆ తరువాత అతడు రెండుసార్లు మరల త్రాగినాడు. రెండుసార్లును ఆ గదికే పోయినాడు. అతని భార్య 1951లో త్రాగుబోతుల కుటుంబములకొరకు ఏర్పడిన ఆల్-అనాన్ కూటమును గూర్చి విచారించుచున్నది. మన మందిరపు ప్రక్క గది మంగళవారము సాయంకాలములు ఖాళీగానే ఉండును. తాళము మాయొద్దనే ఉన్నది. కమిటీవారికి ఈ సంగతి వ్రాసి యిచ్చితిమి.