చెవి అందితేనే బడి

మా తరానికి ఒకటో తరగతి ప్రవేశ పరీక్ష గుర్తుండే ఉంటుంది. కుడి చెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోవాలి. అందితే ఈడొచ్చినట్టే. పుట్టిన తేదీ మేష్టారే వేసేవారు. మన బ్యాచ్‌లో అంతమంది జూలై 1న పుట్టడానికి కారణం అదే! నాకు మొదటి ఏడు చెవి అందలేదు.

బడి ఈడు రాని పిల్లల్ని ప్రభుత్వం అసలు పట్టించుకోలేదని కాదు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలు మన దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆ బోర్డు సాయంతో కొన్ని పల్లెల్లో బాలవాడీలు వెలిశాయి. తర్వాత 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ పథకం 33 ప్రాజెక్టులతో మొదలైంది. మన సంఘానికీ దానికీ ఒకే వయసు.

అంగన్‌వాడీ అనగానే మనకు గుడ్డు, పాలు గుర్తొస్తాయి. కానీ ఆ పథకం ఆశయాల్లో పోషణతో పాటు, బడి మానేసేవారిని తగ్గించడం కూడా ఉంది. మొదట చదివినప్పుడు నాకు అతకలేదు. ఆరేళ్లలోపు పిల్లలు బడి మానేయడమేమిటి?

జవాబు మా ఇంట్లోనే ఉంది. మిరప కోతలొస్తే అమ్మ తెల్లారకముందే చేలోకి వెళ్లేది. పత్తి తీసే రోజుల్లోనూ అంతే. నన్ను చంకనేసుకుని ఇంటి దగ్గరున్నది అక్క. రెండో తరగతి మధ్యలో ఆగిన మనిషి మళ్లీ బడికి వెళ్లలేదు. నా చేత అఆలు దిద్దించింది మాత్రం తనే. మా వీధిలో అప్పుడొక అంగన్‌వాడీ ఉండి ఉంటే ఈ సంచికలో అక్క కూడా ఏదో ఒకటి రాసేది.

తిండి లేక ఎదగని బిడ్డకు ఈడొచ్చినా చెవి అందకపోవచ్చు. అందుకే గుడ్డునూ అక్షరాన్నీ విడదీసి చూడటం నాకు నచ్చదు. అలాగని తిండి పెట్టి పంపితే సరిపోదు. ఆట, పాట, కథ కూడా పథకంలో భాగమే. రిజిస్టర్లు రాయడం, తూకాలు వేయడంతోనే కార్యకర్త పొద్దంతా గడిచిపోతే కథ చెప్పేదెవరు? మూడేళ్లకే ఏబీసీడీలు రాయించే నర్సరీలకు తల్లిదండ్రులు పరుగెత్తేది అందుకే. నిజానికి ఆ వయసుకు కావలసింది నలుగురిలో కూర్చోవడం, చెప్పింది వినడం, తనకేం కావాలో నోరు తెరిచి అడగడం.

2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ 6 నుంచి 14 ఏళ్లవారికి చదువును హక్కు చేసింది. ఆరు నిండనివారికి మాత్రం ప్రభుత్వం ప్రయత్నించాలన్న మాటతో సరిపెట్టింది. 2020 జాతీయ విద్యావిధానం ఒకటో తరగతికి ముందున్న మూడేళ్లను కూడా చదువులో కలిపి లెక్కించింది.

మొన్న వినుకొండ వచ్చినప్పుడు అక్కతో కలిసి ఆమె మనవరాలిని అంగన్‌వాడీలో దింపాను. పిల్లలు చింతగింజలు లెక్కపెడుతున్నారు. అక్క గుమ్మంలోనే నిలబడి అడిగింది: "ఇప్పుడు చెవి అందిందో లేదో చూడట్లేదంట్రా?"

"లేదక్కా, ఆధార్ కార్డు చూస్తారు."