నారాయణఖేడ్ టు వైజాగ్: ఒక్క రోజులో సముద్రం చూసి రావాలంటే.. ఏది చూడాలి? ఏది వదిలేయాలి?

సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ చుట్టుపక్కల వాళ్లకు నీళ్లంటే మంజీర, సింగూరు, నల్లవాగు. సముద్రం మాత్రం చాలా దూరం. పిల్లలు ఎన్నాళ్లుగానో అడుగుతుంటారు, పెద్దవాళ్లు "ఒక్కసారైనా చూడాలె" అంటుంటారు. కానీ సెలవు దొరికేది ఒక్క ఆదివారమే. మరి ఆ ఒక్క రోజులో విశాఖపట్నం చూసి రావచ్చా? రావచ్చు. అయితే చూడాల్సినవాటి లిస్టు కంటే ముందు వదిలేయాల్సినవాటి లిస్టు రాసుకోవాలి.

కేవలం సముద్రం చూస్తే చాలు అనుకునేవాళ్లకు బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్ ఇంకా దగ్గర. బీచ్‌తో పాటు కొండ, మ్యూజియం, పాత బౌద్ధ కట్టడాలు అన్నీ ఒకే రోడ్డు మీద కావాలంటే మాత్రం వైజాగే.

ముందుగా ఒక విషయం క్లియర్‌గా తెలుసుకోవాలి. దీన్ని 'వన్ డే ట్రిప్' అంటారు గానీ, ఖేడ్ నుంచి వెళ్లేవాళ్లకు ఇది రెండు రాత్రుల ప్రయాణం. శనివారం పొద్దున బయలుదేరితే మళ్లీ ఇంటికి చేరేది సోమవారం మధ్యాహ్నమే. కాబట్టి సోమవారం కనీసం ఒక పూట సెలవు పెట్టుకోవాల్సిందే.

ఏ రైలు ఎక్కాలి?

నారాయణఖేడ్ నుంచి హైదరాబాద్ దాదాపు 120 కిలోమీటర్లు. సంగారెడ్డి దాటాక పటాన్‌చెరు, లింగంపల్లి ట్రాఫిక్‌ను కూడా లెక్కలో వేసుకోవాలి. బస్సుకు మూడు గంటలు అనుకున్నా ఇంకో గంటన్నర చేతిలో ఉంచుకోవడం మంచిది.

వెళ్లేటప్పుడు గోదావరి ఎక్స్‌ప్రెస్ బాగా పనికొస్తుంది. 1974లో మొదలైన ఈ రైలు నాంపల్లి నుంచి సాయంత్రం 5 గంటల ప్రాంతంలో బయలుదేరి, తెల్లారేసరికి వైజాగ్ చేరుతుంది. వచ్చేటప్పుడు మాత్రం అదే రైలు వద్దు. అటు నుంచి కూడా అది సాయంత్రమే బయలుదేరుతుంది కాబట్టి సగం సాయంత్రం పోతుంది. రిటర్న్‌కు రాత్రి 8 దాటాక బయలుదేరే గరీబ్‌రథ్ బెటర్. గోదావరిలో వెళ్లి గరీబ్‌రథ్‌లో వస్తే వైజాగ్‌లో 13, 14 గంటలు చేతికొస్తాయి. రూమ్ ఖర్చు కూడా ఉండదు.

లింగంపల్లి నుంచే వెళ్లే జన్మభూమి ఎక్స్‌ప్రెస్ ఖేడ్ వాళ్లకు దగ్గర అనిపిస్తుంది. కానీ అది పగటి రైలు, రోజంతా బోగీలోనే గడిచిపోతుంది. వందే భారత్‌లు రెండు ఉన్నా ఈ ప్లాన్‌కు సరిపోవు. తెల్లవారుజామున బయలుదేరేది మధ్యాహ్నానికి, మధ్యాహ్నం బయలుదేరేది అర్ధరాత్రికి కాస్త ముందు చేరుతాయి. రెండింటిలో ఏది ఎక్కినా అక్కడ రూమ్ తీసుకోక తప్పదు.

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే ఓపెన్ అవుతుంది. 2024 నవంబర్ 1కి ముందు ఇది 120 రోజులు ఉండేది. శని, ఆదివారాల బెర్తులు, పండగ సీజన్ బెర్తులు తొందరగా అయిపోతాయి. తత్కాల్ అయితే ప్రయాణానికి ముందు రోజు ఏసీకి ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు మొదలవుతుంది. ఆన్‌లైన్‌లో తత్కాల్ బుక్ చేయాలంటే ఐఆర్‌సీటీసీ అకౌంట్‌కు ఆధార్ వెరిఫికేషన్ చేసి ఉండాలి. ఇది 2025 జులై నుంచి తప్పనిసరి. ఆ పని చివరి నిమిషానికి పెట్టుకోవద్దు.

ఇంకో జాగ్రత్త. సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణ పనుల వల్ల కొన్ని రైళ్లను చర్లపల్లి టెర్మినల్‌కు మార్చారు. ఖేడ్ బస్సు దిగి చర్లపల్లి చేరడమంటే సిటీ ఆ చివర నుంచి ఈ చివరకు వెళ్లడమే. టికెట్ మీద బోర్డింగ్ స్టేషన్ పేరు, టైమ్ మరోసారి చూసుకున్నాకే ఇంట్లోంచి కదలండి.

ఫ్రీ బస్సు ఎక్కడి వరకు?

మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఖేడ్ నుంచి హైదరాబాద్ వరకు మహిళలకు ఆ ఖర్చు లేనట్టే. వైజాగ్‌లో దిగాక మాత్రం టికెట్ కొనాల్సిందే. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం ఆ రాష్ట్ర మహిళలకే వర్తిస్తుంది. తెలంగాణ అడ్రస్ ఉన్న ఆధార్ చూపిస్తే అక్కడ జీరో టికెట్ ఇవ్వరు. కండక్టర్‌తో వాదన పెట్టుకుని లాభం లేదు.

సూర్యుడు ముందే వస్తాడు, ముందే వెళ్లిపోతాడు

మ్యాప్‌లో నారాయణఖేడ్, విశాఖ దాదాపు ఒకే వరుసలో ఉంటాయి. ఖేడ్ నుంచి నేరుగా తూర్పుకు గీత గీస్తే వైజాగ్ దగ్గరికే వెళ్తుంది. అందుకే అక్కడ ఖేడ్ కంటే 20 నిమిషాల ముందే తెల్లారుతుంది, అన్ని నిమిషాల ముందే పొద్దు గూకుతుంది. డిసెంబర్‌లో సాయంత్రం ఐదున్నరకే చీకటి పడటం మొదలవుతుంది. "ఆరింటి దాకా టైమ్ ఉంది కదా" అనుకుంటే ఫొటోలన్నీ చీకట్లోనే వస్తాయి.

సినిమాలు చూసి చాలామంది సముద్రంలో సూర్యాస్తమయం చూడొచ్చని అనుకుంటారు. ఇది తూర్పు తీరం. సూర్యుడు సముద్రం మీద ఉదయిస్తాడు, కొండల వెనక అస్తమిస్తాడు. కాబట్టి బీచ్‌కు పొద్దున, కొండ మీదికి సాయంత్రం. ఈ ఒక్క క్రమం పాటిస్తే చాలు, మిగతా ప్లాన్ దానంతట అదే కుదురుతుంది.

పొద్దున 6 నుంచి మధ్యాహ్నం వరకు

రైలు దిగగానే లగేజీ సంగతి చూసుకోవాలి. స్టేషన్‌లోని క్లోక్ రూమ్‌లో బ్యాగులు పెట్టొచ్చు. కానీ తాళం లేని బ్యాగు తీసుకోరు, చిన్న తాళం ఇంటి నుంచే తెచ్చుకోండి. పెద్దవాళ్లు స్నానం చేసి కాసేపు నడుం వాల్చాలంటే స్టేషన్ రిటైరింగ్ రూమ్‌ను పీఎన్‌ఆర్ నంబర్‌తో ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు.

స్టేషన్ నుంచి ఆర్కే బీచ్ ఐదు కిలోమీటర్ల లోపే. పొద్దున పూట వాకింగ్ చేసేవాళ్ల కోసం బీచ్ రోడ్డులో వాహనాలు ఆపుతారు కాబట్టి ఆటో దిగి కాస్త నడవాల్సి రావచ్చు. మొదటిసారి సముద్రం చూసేవాళ్లకు ఇక్కడ కనీసం గంట ఇవ్వండి. తొందరపెట్టొద్దు.

టిఫిన్ చేశాక అదే బీచ్ రోడ్డులో భీమిలి వైపు వెళ్లాలి. ముందుగా తొట్లకొండ. ఆర్కే బీచ్ నుంచి సుమారు 16 కిలోమీటర్లు. కొండ మీద దాదాపు రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ ఆరామం ఉంది. 1976లో నేవీ సర్వే సమయంలో ఇది బయటపడింది. తర్వాతి తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ నాణేలు కూడా దొరికాయి. ఈ తీరం నుంచి అంత దూరం వ్యాపారం జరిగిందనడానికి అవే సాక్ష్యం. రాతిని తొలిచి నీళ్ల కోసం చేసిన తొట్ల వల్లే ఆ పేరు వచ్చింది. అక్కడ నీడ తక్కువ, అందుకే 10 గంటల్లోపు చూసేయడం మంచిది. నీళ్ల బాటిల్, టోపీ మర్చిపోవద్దు. వైజాగ్‌లో ఎండ ఖేడ్ ఎండలా ఉండదు. గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, తొందరగా నీరసం వస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు దారిలోనే రుషికొండ బీచ్. 2020లో దేశంలో తొలిసారి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు దక్కిన ఎనిమిది బీచ్‌లలో ఇదొకటి. బట్టలు మార్చుకునే గదులు, లైఫ్‌గార్డులు ఉంటారు. నీళ్లలోకి దిగాలనుకుంటే ఆర్కే బీచ్‌లో కాకుండా ఇక్కడ దిగడమే కాస్త నయం.

రైల్వే స్టేషన్, భీమిలి మధ్య 900కె నంబర్ సిటీ బస్సు తిరుగుతుంది. 2025 ఆగస్టులో ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ వరకు డబుల్ డెక్కర్ ఎలక్ట్రిక్ బస్సులు కూడా ప్రారంభించారు. పిల్లలకు ఇదే ఒక సరదా. నలుగురైదుగురు ఉంటే ఆటో మాట్లాడుకోవడం సులువు. కానీ వెయిటింగ్‌తో కలిపి ఎంతో ఎక్కే ముందే తేల్చుకోవాలి.

'ఈతొచ్చు' అనే ధైర్యం ఇక్కడ వద్దు

బావిలో, చెరువులో ఈత నేర్చుకున్న యువకులకే సముద్రంలో ఎక్కువ ప్రమాదం. చెరువు నీళ్లు మనిషిని లోపలికి లాగవు, సముద్రం లాగుతుంది. ఒడ్డుకు వచ్చిన అలల నీరు మళ్లీ వెనక్కి వెళ్లేటప్పుడు ఒక సన్నని దారి చేసుకుంటుంది. దీన్నే రిప్ కరెంట్ అంటారు. రెండు పక్కలా అలలు విరుగుతూ, మధ్యలో మాత్రం నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తే అది మంచి చోటు అనిపిస్తుంది. అసలు ప్రమాదం తరచుగా ఉండేది అక్కడే.

ఒకవేళ అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదొద్దు. ఎంత బలమున్నా అలసిపోతారు. నీళ్లపై తేలుతూ చెయ్యి ఊపాలి, ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. లాగుడు తగ్గాక ఒడ్డుకు రావచ్చు. ఒడ్డున ఉన్నవాళ్లు కాపాడదామని వెంటనే దూకడం ఇంకా ప్రమాదం. ఒకరి కోసం వెళ్లి ఇద్దరు ముగ్గురు పోయిన ఘటనలు ఇలాగే జరుగుతాయి. లైఫ్‌గార్డును పిలవాలి, 112కి ఫోన్ చేయాలి, తేలే వస్తువేదైనా విసరాలి. పిల్లలను మోకాళ్ల లోతు దాటనివ్వొద్దు, చెయ్యి వదలొద్దు. నాచు పట్టిన రాళ్లెక్కి సెల్ఫీలు కూడా వద్దు. కెరటం బలం ఎంతో తెలియాలంటే ఒక్క ఉదాహరణ చాలు. 2020 అక్టోబర్‌లో వాయుగుండం సమయంలో 'ఎంవీ మా' అనే బంగ్లాదేశ్ కార్గో నౌకే తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చి రాళ్లలో ఇరుక్కుంది.

మధ్యాహ్నం మ్యూజియాలు, సాయంత్రం కొండ

భోజనం అయ్యాక ఎండలో తిరగకుండా ఆర్కే బీచ్ దగ్గరి మ్యూజియాలకు రావాలి. ఐఎన్‌ఎస్ కురుసుర నిజమైన సబ్‌మెరైన్. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబర్‌లో భారత నేవీలో చేరింది, 1971 యుద్ధంలో పాల్గొంది, 2001లో రిటైరైంది. 2002 నుంచి మ్యూజియంగా ఉంది. 91 మీటర్ల పొడవున్న ఈ ఇనుప గొట్టంలో 70 మందికి పైగా ఎలా బతికారో లోపలికి వెళ్తేనే అర్థమవుతుంది. అయితే ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి ఇరుకు తలుపుల గుండా వంగి, కాలెత్తి దాటాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, ఇరుకు చోట్లంటే భయపడేవాళ్లు బయటి నుంచే చూడటం మేలు. ఎదురుగానే టీయూ-142 యుద్ధ విమానం మ్యూజియం ఉంది. 2017 డిసెంబర్‌లో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీన్ని ప్రారంభించారు.

ఈ మ్యూజియాలకు సోమవారం సెలవు. జూ పార్కుకూ అంతే. మామూలు రోజుల్లో కురుసుర మధ్యాహ్నం 2 తర్వాతే తెరుస్తారు, ఆదివారం మాత్రం పొద్దున కూడా కొద్దిసేపు ఉంటుంది. ఆదివారం రద్దీ ఎక్కువే, క్యూలో అరగంట పోయినా ఆశ్చర్యం లేదు. వీలైతే శుక్రవారం బయలుదేరి శనివారం చూడటమే హాయి.

నాలుగు గంటలకల్లా కైలాసగిరికి బయలుదేరాలి. రోప్‌వేలో పైకి వెళ్తుంటే కింద తీరం మొత్తం వంపు తిరిగి కనిపిస్తుంది. ఈ ట్రిప్‌లో అసలు ఫొటో అదే. గాలి బాగా ఉన్నప్పుడు రోప్‌వే ఆపొచ్చు, పైకి రోడ్డు ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. చీకటి పడగానే దిగి, బీచ్‌లో మురీ మిక్చర్, బజ్జీలు తిని 7 గంటలకల్లా స్టేషన్ దారి పట్టాలి. ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డు ట్రాఫిక్‌ను నమ్మొద్దు.

మరి అరకు, సింహాచలం?

అరకు వద్దు. వైజాగ్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా ఘాట్ దారి, బొర్రా గుహలతో కలిపి దానికదే ఒక రోజు. సిటీతో కలిపితే రెండూ సరిగా చూడలేరు. సింహాచలం విషయంలో మాత్రం ఇంట్లో పెద్దవాళ్ల మాటే చెల్లుతుంది. వెళ్లాలనుకుంటే పొద్దున్నే దర్శనానికి వెళ్లి, తొట్లకొండ, రుషికొండ వదిలేయండి. అది బీచ్ రోడ్డుకు పూర్తిగా వేరే వైపు. దర్శనానికి ఎంతసేపు పడుతుందో ఎవరూ ముందే చెప్పలేరు.

వెళ్లడానికి నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం బాగుంటుంది. అక్టోబర్, నవంబర్ తుపాన్ల నెలలు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ నేరుగా వైజాగ్‌నే తాకింది. ఆ నెలల్లో టికెట్ ఉన్నా, బయలుదేరే రోజు పొద్దున వాతావరణ శాఖ బులెటిన్ చూడండి. మీ రైలు రద్దయిందో, దారి మళ్లించారో 139కి ఫోన్ చేసి కనుక్కోండి. రైల్వేనే రైలు రద్దు చేస్తే టికెట్ డబ్బులు పూర్తిగా వెనక్కి వస్తాయి.