ఈమెయిలు చందాదారుల జాబితా తరలింపు

ఈమెయిలు చందాదారుల జాబితా తరలింపు అనగా ఒక ఈమెయిలు పంపిణీ సేవ వద్ద ఉన్న చందాదారుల చిరునామాలను, వాటికి సంబంధించిన వివరాలను మరొక సేవకు మార్చే ప్రక్రియ. పత్రికలు, సాహిత్య సంస్థలు, పాఠశాలల పూర్వ విద్యార్థుల సంఘాలు, చిన్న వ్యాపారులు తమ పాఠకులకు లేదా సభ్యులకు ఒకేసారి ఉత్తరాలు పంపుటకు ఇటువంటి సేవలను వాడుతారు. పైకి చూచినప్పుడు ఇది ఒక ఫైలును ఒకచోట దించుకొని మరొకచోట ఎక్కించుటగా కనిపిస్తుంది. ఎవరు ఎప్పుడు దేనికి సమ్మతించినారో, ఎవరు వద్దన్నారో ఆ సమాచారం కూడా చిరునామాలతో పాటు కొత్తచోటికి చేరవలెను. ఎక్కువ తరలింపులు చెడిపోయేది ఇక్కడనే.

ఈ వ్యాసంలో సాధారణ విధానంతో పాటు, 2016లో విభజింపబడిన పాత వరంగల్ జిల్లా చిరునామాలు గల జాబితాలలో ఎదురయ్యే ప్రత్యేకమైన చిక్కు కూడా వివరించబడినది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల చందాదారులు గల ప్రతి పాత జాబితాకు ఇది వర్తిస్తుంది.

నేపథ్యం

తరలింపు ఎల్లప్పుడు నిర్వాహకుని ఇష్టం మీద జరగదు. సేవ మూతపడుట వలన జరిగిన తరలింపులు అనేకం. వీటిలో తెలుగువారికి ఎక్కువగా తెలిసినది యాహూ గ్రూపుల ముగింపు. 1997లో మార్క్ ఫ్లెచర్ ప్రారంభించిన వన్‌లిస్ట్ తరువాత ఈగ్రూప్స్‌తో కలిసిపోయినది. ఆ ఈగ్రూప్స్‌ను 2000లో యాహూ కొనుగోలు చేసినది. రచ్చబండ, ఛందస్సు వంటి తెలుగు చర్చా సమూహాలు యాహూ గ్రూపులలోనే నడిచినవి. 2019 అక్టోబరు 28 నుండి కొత్త దస్త్రాలు చేర్చు వీలు తొలగించబడినది. 2020 డిసెంబరు 15న సేవ పూర్తిగా నిలిచిపోయినది. విచిత్రమేమనగా, అప్పుడు చాలా సమూహాలు ఆశ్రయించిన గ్రూప్స్.ఐఓ అను సేవను 2014లో స్థాపించినది కూడా మార్క్ ఫ్లెచరే.

తెలుగు బ్లాగర్లకు రెండవ దెబ్బ ఫీడ్‌బర్నర్ రూపంలో తగిలినది. కొత్త టపా రాగానే పాఠకునికి ఉత్తరం పంపు ఈ సేవను 2007లో గూగుల్ కొనుగోలు చేసి, 2021 జూలై నుండి ఈమెయిలు చందాలను ఆపివేసినది. బ్లాగు యజమానులు తమ చందాదారుల జాబితాను దించుకొనుటకు అవకాశం ఇవ్వబడినది. దించుకొనని వారి పాఠకులకు మాత్రం ఒకనాటి నుండి ఉత్తరాలు రావడం మానినవి. ఎందుకు మానినవో చెప్పుటకు కూడా యజమాని వద్ద వారి చిరునామా లేదు. తరువాత ట్విట్టర్ వారి రెవ్యూ 2023 జనవరి 18న, టైనీలెటర్ 2024 ఫిబ్రవరి 29న మూతపడినవి.

ఈ కారణం చేత, మారే ఉద్దేశం లేకపోయినను జాబితా నకలును అప్పుడప్పుడు దించి భద్రపరచుకొనుట అవసరం.

జాబితాలో ఉండవలసిన వివరాలు

చాలామంది దించుకొను ఫైలులో పేరు, చిరునామా అను రెండు నిలువు వరుసలే ఉంటాయి. ఇవి చాలవు. చందాదారు చేరిన తేదీ, చేరిన మార్గం (వెబ్‌సైటులోని పత్రం ద్వారానా, సభలో కాగితం మీద సంతకం చేసినాడా), ధ్రువీకరణ లింకును నొక్కినాడా లేదా, ఎంచుకొన్న విషయం, ప్రస్తుత స్థితి కూడా ఉండవలెను. పాత సేవ మూసివేసిన తరువాత వీటిని తిరిగి సంపాదించుట అసాధ్యం. "నేను ఎప్పుడు చేరినాను?" అని ఒక చందాదారు అడిగినప్పుడు చెప్పుటకు తేదీ ఒక్కటే ఆధారం.

స్థితి అనునది సాధారణంగా మూడు విధాలు. ఉత్తరాలు అందుకొనుచున్నవారు మొదటివారు. చిరునామా పనిచేయక ఉత్తరం తిరిగివచ్చినవారు రెండవవారు. చందా విరమించినవారు, పంపిన ఉత్తరాన్ని అవాంఛితమని ఫిర్యాదు చేసినవారు మూడవవారు.

విరమించినవారి జాబితా

ఈ మూడవ వర్గమే తరలింపులో కీలకమైనది. కొన్ని సేవలు విరమించినవారిని కూడా లెక్కలో చేర్చి రుసుము వసూలు చేస్తాయి. ఖర్చు తగ్గించుకొనుటకై నిర్వాహకుడు వారిని తొలగిస్తాడు. లేదా "వీరితో మనకేమి పని" అని దించకనే వదలివేస్తాడు. ఆ తరువాత ఎవరో సభ్యుని కంప్యూటరులో రెండేళ్ళ క్రిందటి పాత జాబితా దొరుకుతుంది. దానిని కూడా కొత్త సేవలో కలుపుతారు. కొత్త సేవకు వారు విరమించినట్లు తెలియదు గనుక, వద్దని చెప్పినవారికే మరల ఉత్తరాలు పోతాయి. ఒకసారి మర్యాదగా విరమించినవాడు రెండవసారి ఫిర్యాదు మీట నొక్కుతాడు. ఆ ఫిర్యాదుల ప్రభావం వలన ఉత్తరాలు కోరుకొన్నవారి పెట్టెలలో కూడా అవి అవాంఛిత విభాగంలోకి పోవుట మొదలవుతుంది.

కాబట్టి క్రమం తారుమారు కాకూడదు. మొదట విరమించినవారిని, ఫిర్యాదు చేసినవారిని, తిరిగివచ్చిన చిరునామాలను కొత్త సేవలోని నిలిపివేత జాబితాలో చేర్చవలెను. ఆ తరువాతనే చందాదారులను చేర్చవలెను. నిలిపివేత జాబితాలో ఉన్న చిరునామా తరువాత ఏ ఫైలులో వచ్చినను సేవ దానికి ఉత్తరం పంపదు.

పాత వరంగల్ జిల్లా చిరునామాలు

ప్రాంతాన్ని బట్టి ఉత్తరాలు పంపే సంస్థల జాబితాలలో "జిల్లా" అను వరుస ఉంటుంది. తెలంగాణలో ఈ వరుసను ఉన్నదున్నట్లు తరలించుట ప్రమాదకరం. 2016 అక్టోబరు 11న రాష్ట్రంలోని జిల్లాల సంఖ్య 10 నుండి 31కి పెరిగినది. పాత వరంగల్ జిల్లా భూభాగం నుండి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి, వరంగల్ పట్టణ, వరంగల్ గ్రామీణ జిల్లాలు ఏర్పడినవి. చేర్యాల వంటి కొన్ని మండలాలు సిద్దిపేట జిల్లాలో చేరినవి. 2019 ఫిబ్రవరి 17న భూపాలపల్లి నుండి ములుగు జిల్లా విడిపోయినది. 2021 ఆగస్టులో వరంగల్ పట్టణ జిల్లాకు హనుమకొండ అని, వరంగల్ గ్రామీణ జిల్లాకు వరంగల్ అని పేర్లు మార్చబడినవి.

దీని ఫలితంగా జాబితాలో "వరంగల్" అని ఉన్న మాటకు ఒకే అర్థం లేదు. 2016కు ముందు చేరిన చందాదారు వ్రాసిన వరంగల్ అనగా జనగామ నుండి ఏటూరునాగారం వరకు ఎక్కడైనా కావచ్చును. 2022లో చేరినవాడు వ్రాసిన వరంగల్ దానిలో ఒక చిన్న భాగం. ఏది ఏదో తేల్చుటకు చందాదారు చేరిన తేదీ కావలెను. పైన చెప్పిన తేదీ వరుసను వదలివేసినవారు ఇక్కడ రెండవసారి నష్టపోతారు.

పిన్‌కోడు సహాయం కొంతవరకే. జిల్లాలు మారినప్పటికీ పిన్‌కోడులు మారలేదు. జనగామ 506167, మహబూబాబాద్ 506101, భూపాలపల్లి 506169 అను సంఖ్యలు మూడూ పాత వరంగల్ వరుసకు చెందినవే. అయితే భూపాలపల్లి జిల్లాలోని మహాదేవపూర్, కాటారం ప్రాంతాలు పూర్వం కరీంనగర్ జిల్లాలోనివి గనుక వాటి పిన్‌కోడులు 505తో మొదలవుతాయి. మహబూబాబాద్ జిల్లాలో చేరిన గార్ల, బయ్యారం పూర్వం ఖమ్మం జిల్లాలోనివి గనుక అక్కడివి 507తో మొదలవుతాయి. మొదటి మూడంకెలను చూచి జిల్లాను నిర్ణయించే సూత్రం వ్రాసినచో బయ్యారం చందాదారు ఖమ్మం విభాగంలోను, కాటారం చందాదారు కరీంనగర్ విభాగంలోను పడుతారు.

ఉన్నవాటిలో మండలం పేరే నమ్మదగినది. అయినను పేర్ల పోలికలు కలవు. స్టేషన్ ఘనపూర్ జనగామ జిల్లాలోనిది. ములుగు ఘనపూర్ అని వ్యవహరింపబడిన గణపురం మాత్రం, పేరులో ములుగు ఉన్నను, ములుగు జిల్లాలో చేరక భూపాలపల్లి జిల్లాలోనే ఉన్నది. పాలకుర్తి జనగామలోను పెద్దపల్లిలోను ఉన్నది. చిట్యాల భూపాలపల్లిలోను నల్గొండలోను ఉన్నది. ములుగు జిల్లాలో వెంకటాపూర్, వెంకటాపురం అని రెండు వేర్వేరు మండలాలు ఉన్నవి. టైపు చేసినవారు తొందరలో ఒకదానికి బదులు మరొకటి వ్రాసి ఉండవచ్చును. ఇక మహబూబాబాద్‌ను స్థానికులు మానుకోట అంటారు. కొందరు ఆ పేరే వ్రాస్తారు. మానుకోట అను జిల్లా లేదని వారి వరుసను తీసివేయుట అన్యాయం.

పాత జిల్లా వరుసను చెరిపివేయకుండా అలాగే ఉంచి, "ప్రస్తుత జిల్లా" అని మరొక వరుసను చేర్చుట ఉత్తమ పద్ధతి. మండలం, పిన్‌కోడు రెండూ పొసగినచోట కొత్త జిల్లాను నింపవలెను. పొసగనిచోట ఖాళీగా వదలి, కొత్త సేవ నుండి పంపే మొదటి ఉత్తరంలో చందాదారునే అడగవలెను. ఊహించి నింపినచో పాలకుర్తి సభ ఆహ్వానం పెద్దపల్లి వారికి పోతుంది; రావలసినవారికి రాదు.

తెలుగు అక్షరాలు, అంకెలు

జాబితాలు సాధారణంగా సీఎస్‌వీ ఫైలుగా దిగుతాయి. ఇందులో అక్షరాలు యూటీఎఫ్-8 పద్ధతిలో ఉండవలెను. అటువంటి ఫైలును ఎక్సెల్‌లో నేరుగా రెండుసార్లు నొక్కి తెరచినప్పుడు తెలుగు పేర్లు అర్థంలేని గుర్తులుగా కనిపించుట కలదు. అది చూచి భయపడనక్కరలేదు, ఫైలు చెడిపోలేదు. కాని ఆ స్థితిలో భద్రపరచినచో నిజంగానే చెడిపోతుంది. ఎక్సెల్‌లోని దిగుమతి సౌకర్యం ద్వారా యూటీఎఫ్-8 అని ఎంచుకొని తెరవవలెను.

ముందు 91 చేర్చిన ఫోను సంఖ్యలు 9.19ఈ+11 వంటి రూపంలోకి మారుట, 04/10/2016 అను తేదీని అక్టోబరు 4కు బదులుగా ఏప్రిల్ 10గా భావించుట ఇదే కోవకు చెందిన తప్పులు. ఈ రెండవది పైకి కనిపించదు. అందుచేత దించిన మూల ఫైలును ముట్టకుండా ఒక ప్రతి వేరుగా ఉంచి, నకలు మీదనే మార్పులు చేయవలెను.

పంపువారి గుర్తింపు

సంస్థకు సొంత డొమైను ఉన్నచో, కొత్త సేవ తమ పేరు మీద ఉత్తరాలు పంపుటకు అనుమతి పొందినదని డొమైను రికార్డులలో తెలుపవలెను. ఇందుకు ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ అను మూడు ఏర్పాట్లు కలవు. మొదటిది ఏ యంత్రాలు పంపవచ్చునో చెప్పే జాబితా. రెండవది ఉత్తరం మీద వేయు డిజిటల్ ముద్ర. మూడవది ఈ పరీక్షలలో తప్పిన ఉత్తరాన్ని ఏమి చేయవలెనో అందుకొను సేవకు తెలిపే సూచన. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ సంస్థలు అధిక సంఖ్యలో పంపేవారికి ఈ మూడింటిని తప్పనిసరి చేసినవి. జీమెయిల్ విషయంలో రోజుకు 5,000 ఉత్తరాలు పంపేవారు ఈ కోవకు వస్తారు. ఒక్క నొక్కుతో విరమించు వీలు కల్పించుట, ఫిర్యాదులను 0.3 శాతం లోపు ఉంచుట కూడా ఆ నిబంధనలలోనివే. వెయ్యి మందిలో ముగ్గురు చాలు. విరమించినవారికి మరల పంపిన జాబితా ఈ హద్దును మొదటి రోజే దాటగలదు.

చిన్న సంస్థలు సొంత డొమైను లేక ఏదో ఒక ఉచిత జీమెయిల్ చిరునామాను పంపువారి చిరునామాగా వాడుతుంటాయి. పంపిణీ సేవల ద్వారా ఇలా పంపిన ఉత్తరాలు డీమార్క్ పరీక్షలో తప్పుతాయి.

తరలింపు తరువాత

కొత్త సేవ నుండి మొదటిరోజే అందరికీ పంపరాదు. ఇటీవలి ఉత్తరాలను తెరచి చదివినవారికి మొదట పంపి, క్రమంగా సంఖ్యను పెంచవలెను. చాలాకాలంగా స్పందన లేనివారిని చివరకు ఉంచి, "ఇంకను కావలెనా" అని ఒకసారి అడిగి, జవాబు రానివారిని విడిచిపెట్టుట మంచిది. రెండేళ్ళుగా వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుండి అమలు చేయుచున్నది గనుక, పాత జాబితాలలోని కొన్ని చిరునామాలు ఇప్పటికే లేకుండా పోయి ఉంటాయి.

పాత ఖాతాను వెంటనే మూయరాదు. గతవారం పంపిన ఉత్తరం అడుగున ఉన్న విరమణ లింకు పాత సేవకే పోతుంది. ఉత్తరం పంపిన తరువాత కనీసం 30 రోజులు ఆ లింకు పనిచేయవలెనని అమెరికాలోని కాన్-స్పాం చట్టం నిర్దేశిస్తున్నది. అక్కడి తెలుగు సంఘాలు పంపే వాణిజ్య ప్రకటనలకు ఇది వర్తిస్తుంది. ఆ వ్యవధిలో పాత ఖాతాలో నమోదైన విరమణలను మరల దించి కొత్త సేవలోని నిలిపివేత జాబితాలో కలుపవలెను. ఈ రెండవ దింపుడును చేసేవారు తక్కువ.

భారతదేశంలో చట్టం

డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో ఆమోదం పొందినది. దాని నియమాలు 2025 నవంబరులో ప్రకటించబడినవి. ప్రధాన బాధ్యతల అమలునకు 18 నెలల గడువు ఇవ్వబడినది. చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టమైన ప్రయోజనానికై, విషయం తెలిసి ఇచ్చినదై ఉండవలెను. సమ్మతి ఇచ్చుట ఎంత సులభమో ఉపసంహరించుకొనుట కూడా అంతే సులభంగా ఉండవలెను. సంస్థ తరఫున సమాచారాన్ని నిర్వహించే పంపిణీ సేవతో చెల్లుబాటయ్యే ఒప్పందం ఉండవలెను. సేవ మారినను బాధ్యత సంస్థదే.

18 సంవత్సరాలు నిండనివారి సమాచారానికి తల్లిదండ్రుల ధ్రువీకరింపదగిన సమ్మతి అవసరం. పాఠశాలల జాబితాలలో విద్యార్థుల చిరునామాలు, తల్లిదండ్రుల చిరునామాలు, పూర్వ విద్యార్థుల చిరునామాలు ఒకేచోట కలిసి ఉండుట సాధారణం. పరీక్షా ఫలితాలు తెలుపుటకై ఇచ్చిన చిరునామాకు విరాళాల విజ్ఞప్తి పంపుట నిర్దిష్ట ప్రయోజనం క్రిందికి రాదు. తరలింపు సమయంలో ఈ మూడు వర్గాలను వేరుచేసి, ఏ ప్రయోజనానికి ఇచ్చినదో ఆధారం లేని చిరునామాలను కొత్త సేవలో చేర్చకుండా ఆపవలెను.