దయ్యాన్ని గుద్దితే దెబ్బ ఎవరికి తగులుతుంది?

ఈ ఎపిసోడ్ ఒక వాదనలోంచి పుట్టింది. పలాసలో టీ తాగుతూ నేను హాంకాంగ్ వాళ్ల కుంగ్‌ఫూ దయ్యాల సినిమాల గురించి ఊదరగొడుతుంటే, మావాడొకడు "ఇందులో కొత్తేటుందిరా? మన విఠలాచార్య ఎప్పుడో తీసేశాడు కదా" అన్నాడు. సగం నిజమే. మిగతా సగం ఎందుకు నిజం కాదో చెప్పడానికి ఈ వీడియో.

ముందు 1974కి వెళ్దాం. ఇంగ్లండ్‌లో హ్యామర్ అనే కంపెనీ ఉంది. 1958లో క్రిస్టఫర్ లీని డ్రాక్యులాగా, పీటర్ కుషింగ్‌ని వాన్ హెల్సింగ్‌గా పెట్టి తీసిన సినిమాతో ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. పదిహేనేళ్లు అదే కోట, అదే శిలువ, అదే మేకు. జనానికి విసుగొచ్చింది. అదే టైంలో బ్రూస్ లీ 1973 జులైలో చనిపోయాడు, ఆగస్టులో 'ఎంటర్ ది డ్రాగన్' రిలీజై కుంగ్‌ఫూ పిచ్చి లేచింది. హ్యామర్ వెళ్లి హాంకాంగ్‌లోని షా బ్రదర్స్‌తో చెయ్యి కలిపింది. అలా వచ్చింది 'ది లెజెండ్ ఆఫ్ ది సెవెన్ గోల్డెన్ వాంపైర్స్'. డైరెక్టర్ రాయ్ వార్డ్ బేకర్, ఫైట్లలో లావ్ కర్ లియాంగ్ చెయ్యి ఉంది. క్రిస్టఫర్ లీ ఇందులో లేడు, డ్రాక్యులా వేషం ఇంకొకాయన వేశాడు. కుషింగ్ మాత్రం ఉన్నాడు, చైనాలో పాఠం చెప్పే ప్రొఫెసర్‌గా. ఏడుగురు అన్నదమ్ములు, ఒక చెల్లెలు, ఒక్కొక్కరికి ఒక్కో ఆయుధం.

నాకు ఇందులో నచ్చింది ఒకటే. చైనా ఊళ్లో శిలువకి పని లేదు కాబట్టి అక్కడి రక్తపిశాచి బుద్ధుడి బొమ్మని తాకితే కాలిపోతుంది. దయ్యం ఏ ఊరికి పోతే ఆ ఊరి దేవుడికి భయపడాలి అన్న లాజిక్. మిగతాది సగం సగమే అని నా అభిప్రాయం. ఇంగ్లీషు సినిమా ఒకటి, చైనా సినిమా ఒకటి పక్కపక్కన నడుస్తుంటాయి, కలవవు. హ్యామర్ డ్రాక్యులా వరసలో అదే ఆఖరిది.

నిజంగా కలిపింది హాంకాంగ్ వాళ్లే. 1980లో సామో హంగ్ 'ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ది స్పూకీ కైండ్' తీశాడు. 1985లో ఆయనే నిర్మాతగా, రికీ లావ్ డైరెక్టర్‌గా 'మిస్టర్ వాంపైర్' వచ్చింది. ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే అసలు ఇంజనీరింగ్ ఇక్కడే ఉంది. నేను బీటెక్ చదివి కోడ్ రాసుకున్నవాణ్ణి, నాకు ఇలాగే అర్థమౌతుంది.

వాళ్ల దయ్యం పేరు జియాంగ్షీ. అంటే బిగుసుకుపోయిన శవం. మోకాళ్లు వంగవు, చేతులు ముందుకి చాచి గెంతుతుంది. ఒంటి మీద చింగ్ రాజుల కాలం నాటి అధికారి బట్టలు. దానికి కళ్లు కనబడవు, మనిషి ఊపిరిని బట్టి పట్టుకుంటుంది. అంటే ఊపిరి బిగపడితే తప్పించుకోవచ్చు. నుదుటి మీద మంత్రం రాసిన పసుపు కాగితం అంటిస్తే ఆగిపోతుంది, కాగితం ఊడితే మళ్లీ లేస్తుంది. గోరు గీసుకుంటే విషం లాగడానికి జిగురు బియ్యం కావాలి. సినిమాలో ఆ బియ్యం అమ్మేవాడు మామూలు బియ్యం కలిపి కల్తీ చేస్తాడు! రేషన్ బియ్యం చూసిన మనకి ఎంత బాగా అర్థమౌతుందో చూడండి.

ఈ రూల్స్ అన్నీ ఒంటికి సంబంధించినవే. దయ్యానికి బరువుంది, ఎత్తుంది, కీళ్లలో లోపముంది. ఒళ్లు ఉన్నదానితోనే కదా ఫైట్ చెయ్యగలం. గురువు వేషం వేసిన లామ్ చింగ్ యింగ్ చైనా ఒపేరాలో సాధన చేసి, బ్రూస్ లీ దగ్గర ఫైట్లకి సాయం చేసిన మనిషి. ఆయన చేతిలో మంత్రమూ, తన్నూ ఒకే కదలికలో వస్తాయి. పద్నాలుగేళ్ల తర్వాత అమెరికా వాళ్లు వెస్లీ స్నైప్స్‌తో 'బ్లేడ్' తీసేనాటికి, అంటే 1998కి, దారి ఎప్పుడో పడిపోయింది... క్షమించాలి, పదమూడేళ్లు. లెక్క తప్పాను.

ఇప్పుడు మన సంగతి. శవంలో దూరి ఉండేవాడు మనకి కొత్తా? భేతాళుడు ఎవరు మరి? చెట్టుకి వేలాడే శవం, శ్మశానం, కత్తి పట్టిన రాజు. రిచర్డ్ బర్టన్ 1870లో ఆ కథల్ని ఇంగ్లీషులో వేసినప్పుడు పేరేం పెట్టాడో తెలుసా? 'విక్రమ్ అండ్ ది వాంపైర్'. స్టోకర్ 'డ్రాక్యులా' రావడానికి ఇంకా 27 ఏళ్లుంది. యోధుడూ, రక్తపిశాచీ ఒకే ఫ్రేములో ఉన్న బొమ్మ మన చందమామల్లో తరాలు చూశాయి. కానీ వాళ్లిద్దరూ కొట్టుకోరు. భేతాళుడు ప్రశ్న అడుగుతాడు, రాజు జవాబు చెప్తాడు, శవం చెట్టెక్కుతుంది. అక్కడ గెలిపించేది బుర్రే.

ఇక విఠలాచార్య. ఉడిపి వైపు నుంచి వచ్చి తెలుగు జానపదానికి చక్రవర్తైన మనిషి. ఒక చేత్తో 'బందిపోటు' (1963), 'అగ్గి పిడుగు' (1964) లాంటి కత్తియుద్ధాలు, ఇంకో చేత్తో దయ్యాలు. 1978 'జగన్మోహిని'లో దయ్యం కాళ్లని పొయ్యిలో కట్టెల్లా పెట్టి వంట చేస్తుంది, అది చూసి భయపడని పిల్లలు మా తల్లిదండ్రుల తరంలో లేరు. అయితే ఆయన సినిమాలు జాగ్రత్తగా చూడండి. కత్తి మనిషి మీదకి, మంత్రం దయ్యం మీదకి. కత్తి ఒక రీలు, దయ్యం ఇంకో రీలు. మావాడి వాదన ఇక్కడ ఆగిపోతుంది.

ఎందుకలా? నా ఊహ ఇది. మన దయ్యానికి సొంత ఒళ్లు లేదు. అది పడుతుంది. మన ఇంట్లో పిల్లని పడుతుంది, కోడల్ని పడుతుంది. మరి దాన్ని గుద్దితే దెబ్బ ఎవరికి? 'అరుంధతి' (2009) చూడండి. జేజమ్మ డప్పుల మధ్య కత్తులతో ఆడి పశుపతిని పడగొట్టేటప్పుడు వాడు బతికే ఉన్నాడు. చంపితే ప్రేతమై లేస్తాడని సమాధిలో పెడతారు. తర్వాత ప్రేతాన్ని చంపడానికి ఏ కత్తీ పనికిరాదు, జేజమ్మ ఎముకలతో చేసిన ఆయుధమే కావాలి. దర్శకుడు కోడి రామకృష్ణ ఆ గీత ఎక్కడా దాటలేదు. దాటింది 2021లో 'జాంబీ రెడ్డి'. కర్నూలు ఫ్యాక్షన్ కొడవళ్లని జాంబీల మీదకి తిప్పాడు ప్రశాంత్ వర్మ. జాంబీకి ఒళ్లుంది కాబట్టి వీలైంది.

ఇది సినిమా కబురే కాదు. ఉత్తరాంధ్రలో చిల్లంగి పేరు చెప్పి ముసలోళ్లని కొట్టిన సంగతులు పేపర్లలో చదివాం, తెలంగాణలో దాన్నే బాణామతి అంటారు. అక్కడ పసుపు కాగితం లేదు, గెంతే శవం లేదు. దెబ్బ పడేది ఊపిరి ఉన్న మనిషి మీద. అందుకే ఎవరైనా తెలుగులో కుంగ్‌ఫూ దయ్యం తీస్తానంటే నేను మొదట అడిగేది ఇదే: నీ దయ్యానికి సొంత ఒళ్లుందా, లేక పక్కింటామె ఒళ్లా?

ఉంటే మాత్రం తీయండి బాబూ. మన వైపు పండగల్లో సాముగరిడీలు, కర్రసాము ఇంకా బతికే ఉన్నాయి. జలంత్రకోట వైపు కొబ్బరితోటల్లో రాత్రి లైటు లేకుండా నడిస్తే లొకేషన్‌కి సెట్టు వెయ్యక్కర్లేదు. కర్ర తిప్పేవాడు ఒకడు, ఊపిరి వాసన పట్టే శవం ఒకటి. నాకు టికెట్టు ఇప్పుడే చించండి.

వచ్చే ఎపిసోడ్ కత్తి కాంతారావు గారి గురించి. ఉంటాను.