పాత మోటారుకు జీర్ణోద్ధరణ

గత సంక్రాంతికి నేను మేడిపల్లికి పోయినప్పుడు మా పెదనాన్నగారి కుమారుడు నన్ను పెరటి కొట్టంలోనికి తీసుకొనిపోయినాడు. జగిత్యాల నుండి కోరుట్లకు పోయే బాటను ఆనుకొని ఉన్న ఊరది. కొట్టానికి పైన రేకులు, లోపల మొక్కజొన్న బస్తాలు, వాటి నడుమ గోనెపట్టాలు కప్పిన ఒక అంబాసిడరు కారు. మా తాతగారు 1964లో కొన్న బండి; పెదనాన్నగారు నడిపిన బండి; ఇరవై రెండేండ్లుగా ఎవ్వరూ నడపని బండి.

"బాగు చేపిచ్చుడా, తూకానికి అమ్ముడా, ఏదో ఒకటి చెప్పు తమ్మీ. సదువుకున్నోనివి" అన్నాడు అన్నయ్య.

చదువుకూ కార్బురేటరుకూ గల సంబంధమేమో నాకు బోధపడలేదు. పైగా మరమ్మతుకు మేస్త్రీ చెప్పిన మొత్తం ఆ యేడు అన్నయ్యకు పసుపు మీద మిగిలిన మొత్తంతో ఇంచుమించు సమానము. ఇంట్లో చదువుకొనే ఆడపిల్ల ఉన్నది. కావున ఇది కేవలం ముచ్చటకు సంబంధించిన ప్రశ్న కాదు. నేను ఆనాడు జవాబు చెప్పలేదు. తిరిగివచ్చిన తరువాత, ఇదే చిక్కు మన హైదరాబాదులో మరొక కుటుంబానికి, చాలా పెద్ద ఎత్తున, వచ్చిన సంగతి జ్ఞాపకమునకు వచ్చినది.

ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ తమ చివరి రోజులలో ఇంగ్లండుకు ఒక రోల్స్ రాయిస్ కారు కోసం ఉత్తరువు పంపినారు. 1911 ఆగస్టు 29న వారు మరణించినారు. కారు తయారై వచ్చేసరికి గద్దె మీద ఉన్నది కుమారుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. అనగా ఆ కారు ఈ దేశపు మట్టి మీద చక్రం మోపకముందే వారసత్వపు ఆస్తి అయినది!

ఆ కాలమున రోల్స్ రాయిస్ సంస్థ పూర్తి కారును అమ్మేది కాదు. డెర్బీ నగరంలోని కార్ఖానాలో చట్రమును, యంత్రమును మాత్రం తయారుచేసేది. పై కట్టడము బండ్లు కట్టే వేరొక సంస్థ పని. నిజాము కారుకు లండనులోని బార్కర్ కంపెనీవారు ఆ పని చేసినారు. క్రింద ఆరు సిలిండర్ల యంత్రము, మూడేసి చొప్పున రెండు దిమ్మెలుగా పోత పోసినది, 7,428 ఘన సెంటీమీటర్ల పరిమాణము కలది. ఈ తరగతి కారుకే సిల్వర్ ఘోస్ట్ అని పేరు. 1907లో ఈ తరగతికి చెందిన ఒక కారును పరీక్షకుల ఎదుట 15,000 మైళ్ళు నడిపి చూపినందున ఆ పేరు లోకమంతటా ప్రాకినది. పైన పసుపు పచ్చని రంగు, గోపురము వలె ఉబ్బిన కప్పు, వెనుక భాగమున ఎత్తుగా అమర్చిన సింహాసనము వంటి ఆసనము. అది కారు అనుటకంటే అంబారీకి చక్రములు కట్టినారు అనుట సబబు.

ఏడవ నిజాము ఈ కారును ఎంత వాడినారు? దశాబ్దాల కాలంలో అది తిరిగినది 356 మైళ్ళు మాత్రమే అని చెప్పుకొంటారు. హైదరాబాదు నుండి మా మేడిపల్లికి రెండు మార్లు పోయి వచ్చేంత దూరము కూడ కాదు. లోకంలోకెల్ల ధనవంతుడని 1937లో టైమ్ పత్రిక ముఖపత్రం మీద బొమ్మ వేసిన ప్రభువు, తండ్రి ముచ్చటపడి తెప్పించిన బండిని ఊరేగింపులకు తప్ప కదిలించలేదన్నమాట. అది పిసినారితనమో, తండ్రి వస్తువు మీది గౌరవమో, ఇప్పుడు నిర్ణయించుట ఎవరి తరము? కాని ఆ వాడకపోవుటయే ఆ కారును కాపాడినది.

1967 ఫిబ్రవరి 24న ఉస్మాన్ అలీ ఖాన్ గతించినారు. వారసుడు మనుమడు ముకర్రం జా. ఆయన ఇంగ్లండులో హారో పాఠశాలలోను, కేంబ్రిడ్జిలోను చదివి, సాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలలో శిక్షణ పొందినవాడు. అన్నిటికంటె విశేషము, చేతులకు నూనె మరకలు అంటించుకొని యంత్రములు విప్పుట, బిగించుట ఆయనకు ప్రాణము. అటువంటివానికి కార్ల శాలయే వారసత్వముగా వచ్చినది. చరిత్రకారులు వ్రాసిన లెక్క ప్రకారం అందులో అరవై కార్లు ఉండగా, నడిచే స్థితిలో ఉన్నవి నాలుగు! పెట్రోలుకు, విడిభాగములకు మాత్రం యేటేటా దాదాపు 90,000 డాలర్ల పద్దు పడుచుండెను. చౌమహల్లాలో పట్టాభిషేకము ముగించుకొని కొత్త నిజాము ఎక్కవలసిన కారు సైతం ఆనాడు మొరాయించినదట.

ఇక్కడ కొంచెము ఆగి ఆలోచింపవలెను. ఆ యేబదియారు కార్లను చెడగొట్టినది ఎవరు? పగ పట్టి ఎవరూ చెడగొట్టలేదు. బాగుచేయుమని గాని, తీసివేయుమని గాని చెప్పేవారు లేక, పద్దు మాత్రం ఆగక, అవి నిలుచున్నచోటనే ముగిసిపోయినవి. యంత్రములను ప్రేమించిన మనుమడు కూడ వాటిని రక్షింపలేకపోయినాడు. వేలాది పరివారము, వారసుల వ్యాజ్యములు, 1971లో రాజభరణముల రద్దు, వీటి నడుమ ఆయన ఆస్ట్రేలియాకు పోయి గొఱ్ఱెల క్షేత్రమున బుల్డోజరు నడుపుచు కాలము గడిపినాడు. 2023 జనవరిలో ఇస్తాంబులులో మరణించినాడు.

చౌమహల్లా మాత్రము బ్రతికినది. ఆయన మొదటి భార్య ఎస్రా పూనికతో 2000 ప్రాంతమున పని మొదలై, 2005లో ద్వారములు ప్రజలకు తెరచుకొన్నవి. 2010లో ఆ పునరుద్ధరణకు యునెస్కో గుర్తింపు లభించినది. పసుపు పచ్చని సిల్వర్ ఘోస్ట్ అక్కడ ప్రదర్శనలో ఉన్నది. టిక్కెట్టు కొని లోపలికి పోయే పిల్లలు ముందుగా పరుగెత్తేది దాని దగ్గరికే.

మరి ఆ కారును ఉద్ధరించుట తేలిక, మా అన్నయ్య అంబాసిడరుకు కష్టము అని ఎందుకు అంటున్నాను? సిల్వర్ ఘోస్టుకు ఉన్నది ఒక్కటే దశ. ఎట్లు వచ్చినదో అట్లే ఉంచవలెను. అంతకు మించిన ప్రశ్న లేదు. అంబాసిడరుకు మూడు తరముల చరిత్ర కలదు. తాతగారు కొన్ననాటి తెల్లరంగు, పెదనాన్నగారు మార్పించిన నీలిరంగు, ముందరి మడ్‌గార్డు మీద ఒక సొట్ట. అన్నయ్య కొడుకు దానికి ఎఱ్ఱరంగు వేయించి, కొత్త ఇంజను పెట్టించి, చల్లని గాలి యంత్రమును బిగించవలెనంటాడు. మా పెద్దమ్మ సొట్టను ముట్టవద్దంటుంది. ఒక వానాకాలపు రాత్రి ఆమెను కాన్పుకు జగిత్యాలకు తీసుకొనిపోతూ పెదనాన్నగారు బండిని వంతెన గోడకు రాచినారట. ఆ కాన్పులో పుట్టినవాడే మా అన్నయ్య.

మన దేవాలయములలో జీర్ణోద్ధరణ చేసేవారు ఈ చిక్కును ఎరుగుదురు. మూలవిరాట్టును కదల్చకుండ, బాలాలయము కట్టి పూజలు అక్కడ జరుపుచు, చుట్టూ ఉన్న కట్టడమును సరిచేస్తారు. యాదగిరిగుట్టలో ఇటీవల అట్లే జరిగి, 2022 మార్చిలో మూలమూర్తి దర్శనము తిరిగి ప్రారంభమైనది. ఏది మూలము, ఏది చుట్టుకట్టడము అని తేల్చుకొన్న తరువాతనే ఉలి పట్టవలెను. పాత కార్ల అంతర్జాతీయ సమాఖ్యవారు 2012లో ట్యూరిన్ నగరమున ఆమోదించిన నియమావళి కూడ కొత్తదనము తెచ్చుటకంటె ఉన్నదానిని నిలుపుటయే మేలన్నది. మన ప్రభుత్వము 2021 జూలైలో తెచ్చిన నియమములు ఇంకను స్పష్టముగా ఉన్నవి. మొదటి రిజిస్ట్రేషను జరిగి యేబదియేండ్లు దాటి, చట్రము, పై కట్టడము, ఇంజను పెద్దగా మార్చకుండ ఉన్న బండికే పురాతన వాహనమను గుర్తింపు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేండ్లు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకొనుటకు, మరమ్మతుకు నడుపవచ్చును గాని, నిత్యము తిరుగుటకు పనికిరాదు. అబ్బాయి కోరినట్లు కొత్త ఇంజను పెట్టినచో ఆ గుర్తింపు ఆశ వదులుకొనవలసినదే.

ఇక యంత్రము సంగతి. యేండ్ల తరబడి నిలిచిన ఇంజనుకు బ్యాటరీ తగిలించి ఒక్కసారిగా త్రిప్పుట కంటె పెద్ద తప్పు లేదు. పిస్టను రింగులు సిలిండరు గోడకు పట్టుకొని ఉంటవి. బలముగా లాగితే గోడ గీరుకొనిపోవును. ప్లగ్గులు తీసి, ఆ రంధ్రములలో నూనె పోసి, కొన్ని దినములు ఊరనిచ్చి, అటుపిమ్మట చేతితో మెల్లగా త్రిప్పి చూడవలెను. టాంకిలో జిగురైన పాత పెట్రోలును వంపివేయవలెను. నీటి గొట్టములలో త్రుప్పును కడుగవలెను. అన్నయ్య బండికి మరొక చిక్కు. అది సీసము కలిసిన పెట్రోలు కాలములో పుట్టినది. 2000లో ఆ పెట్రోలు దేశమున నిలిచిపోయినది. ఇప్పుడు బంకులలో దొరికేది 20 శాతము ఇథనాలు కలిసినది. అది పాత రబ్బరు గొట్టములను మెత్తబరచి తినివేయును. కావున ఇంధనము పారే ప్రతి గొట్టమును, ప్రతి పొరను మార్చవలెను. ఈ మార్పు మూలమునకు ద్రోహము కాదని నా అభిప్రాయము. మందు మార్చినంత మాత్రాన మనిషి మారడు గదా.

ఈ సంగతులన్నీ వ్రాసి మేడిపల్లికి ఉత్తరం పంపినాను. మొత్తము సొమ్ము ఒక్కసారి పెట్టవద్దనీ, ఇంజను త్రిరుగునో లేదో తెలియక ముందు రంగు మాట ఎత్తవద్దనీ, త్రిరగకపోతే అప్పుడు నిస్సంకోచముగా అమ్మవచ్చుననీ వ్రాసినాను. సొట్ట విషయము పెద్దమ్మకే వదలివేయుమన్నాను.

ఉగాది దాటిన తరువాత అన్నయ్య ఫోను చేసినాడు. బండిని నాలుగు మొద్దుల మీదికి ఎత్తి, చక్రములు ఊడదీసి, తొమ్మిది దినములు నూనెలో ఊరనిచ్చినారట. పదవనాడు హాండిలు వేసి తాను త్రిప్పితే కదలలేదట. కొడుకు కూడ చేయి వేసినాడట.

"సగం చుట్టు తిరిగింది తమ్మీ. అమ్మ తలుపు కాడ నిలబడి సూస్తున్నది" అన్నాడు.