ధీరోద్ధతుడు

'హన్' ధాతువునకు 'ఉత్' అను ఉపసర్గ చేరగా నేర్పడిన 'ఉద్ధత' శబ్దమునకు పైకెగసినది, గర్వించినది యని యర్థము. పదవ శతాబ్దిలో ధనంజయుడు దశరూపకమునందు నాయకులను నాలుగు తెరగులుగా విభజించి, దర్పము, మాత్సర్యము, మాయ, చండత్వము గలవానిని ధీరోద్ధతుడనెను. దోషభూయిష్ఠుని సైతము నాయకగణమున నిలుపుట మన లాక్షణికుల విశాలదృష్టి.

ఇట్టి గుణదోషములు కలసిన నాయకులు మన చరిత్రయందును గలరు. బేతవోలును తండ్రి జగ్గన్న పేర జగ్గయ్యపేటగా తీర్చి, అమరావతిలో అమరేశ్వరాలయమును పునరుద్ధరించిన రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు, చెంచులను విందునకు బిలిచి వధింపించెననియు, ఆ పాపభీతియే ఆయనను దేవాలయములవైపు నడిపెననియు జనశ్రుతి కలదు. ఆయన పేరిటి 'నాయుడు' సైతము 'నాయక' శబ్దభవమే. కీర్తియు కళంకమును పెనగొనిన ఆ చరితమును జగ్గయ్యపేట, నందిగామ సీమవారు నేటికిని విస్మరింపరాదు.

నేటి ఆటలయందును ఇట్టి నాయకుడు గానవచ్చును. 2005లో వెలువడిన 'గాడ్ ఆఫ్ వార్' వీడియో గేములోని క్రేటోస్, యుద్ధోన్మాదమున తెలియక తన భార్యాపుత్రికలనే చంపి, ఆ స్మృతిచే దహింపబడుచు పోరును. ఆటగాడు వాని క్రౌర్యమును చూచుటయే కాక, తన చేతులతో నడుపవలసియుండును. ఇట్టివానిని 'ప్రతినాయకుడ'నుట పొసగదు, ప్రతినాయకుడు నాయకుని శత్రువు గనుక. 'ధీరోద్ధతుడు' అను మన ప్రాచీనపదమే వీనికి తగినది. దానిని మరల వాడుకలోనికి దెచ్చుకొందము.