క్లాస్ 100 ఎక్కడ పుట్టింది

జహీరాబాద్ దగ్గర కోహీర్ మండలం దిగ్వాల్‌లో పిరమల్ వాళ్ల మందుల ముడిసరుకు కర్మాగారం ఉంది. అదే దారిలో హైదరాబాద్ వైపు పోతే పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామికవాడలు. ఇలాంటి ఫార్మా కంపెనీల్లో కొత్తగా చేరిన కుర్రాళ్ల నోట కొద్దిరోజులకే గౌనింగ్ (తొడుగులు వేసుకోవడం), ఏహెచ్‌యూ (గదికి గాలి పంపే యంత్రం), హెపా (సన్న నలుసులను పట్టే ఫిల్టరు), క్లాస్ 100, క్లాస్ లక్ష అన్న మాటలు అలవోకగా పలుకుతాయి. వీటిలో హెపా, క్లాస్ 100 రెండింటి పుట్టిల్లూ అమెరికా అణ్వాయుధాల పనే.

1960లో ఆల్బుకర్కీలోని శాండియా ప్రయోగశాల అణ్వాయుధాలకు కావలసిన చిన్న చిన్న విడిభాగాలతో తంటాలు పడుతోంది. కంటికి కనబడని నలుసు పడినా అవి చెడిపోయేవి. గదులకు స్టీలు గోడలు కట్టారు, మనుషులకు నిలువెల్లా తొడుగులు వేశారు, వాక్యూమ్ పెట్టి ఊడ్చారు. దుమ్ము మాత్రం లోపలే తిరిగేది. విల్లిస్ విట్‌ఫీల్డ్ అనే భౌతిక శాస్త్రవేత్త, ఓక్లహోమా పత్తి రైతు కొడుకు, అసలు ఈ నలుసులు ఎక్కడ పుడుతున్నాయని చూశాడు. మనిషి లోపలున్నంతసేపూ ఒంటినుంచి, బట్టలనుంచి రాలుతూనే ఉంటాయి. కాబట్టి పుట్టినవాటిని పుట్టినట్టే బయటికి తోసెయ్యాలి. హెపా ఫిల్టర్లు అప్పటికే ఉన్నాయి. విట్‌ఫీల్డ్ వాటిని గోడనిండా అమర్చి, వాటిలోంచి వచ్చే గాలిని సుడి తిరగనివ్వకుండా మెల్లగా ఒకే దిక్కుకు నడిపి, చిల్లుల నేలగుండా లాగేశాడు. గదిలో గాలి నిమిషానికి దాదాపు పదిసార్లు మారేది. అదే లామినార్ ఫ్లో.

పాత గదులకంటే వెయ్యిరెట్లు శుభ్రమంటే మొదట చాలామంది నమ్మలేదు. 1964లో పేటెంట్ వచ్చింది, హక్కు ప్రభుత్వానిది. శాండియా ఆ విధానాన్ని దాచుకోకుండా అడిగినవాళ్లకల్లా చెప్పింది. ఆపరేషన్ థియేటర్లకూ, ఇంజెక్షన్లు నింపే గదులకూ అది అంత త్వరగా చేరిందంటే ఆ ఉదారత్వం వల్లనే. ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే.

ఇలాంటి గదుల శుభ్రతకు కొలతగా 1963లో అమెరికా ప్రభుత్వ ప్రమాణం ఫెడరల్ స్టాండర్డ్ 209 వచ్చింది. ఘనపుటడుగు గాలిలో అర మైక్రాను, ఆపై నలుసులు నూరు దాటకపోతే క్లాస్ 100. 1999 నాటి ఐఎస్‌ఓ ప్రమాణం దాన్నే ఘనపు మీటరుకు 3,520గా మార్చింది. 2001లో పాత ప్రమాణం రద్దయినా షాప్ ఫ్లోర్ ఆ పేరు వదల్లేదు.

మందుల తయారీ నిబంధనలు, మన దేశపు షెడ్యూల్ ‘ఎం’ సహా, క్లాసులకు బదులు ఎ నుంచి డి దాకా గ్రేడ్లు చెబుతాయి. యూరప్ నిబంధనల ప్రకారం గ్రేడ్ బి గదిలో మనుషులు లేనప్పుడు ఘనపు మీటరుకు ఆ సైజు నలుసులు 3,520 దాటకూడదు. పని నడుస్తున్నప్పుడు 3,52,000 దాకా ఒప్పుకుంటారు. ఆ తేడా ఎక్కువగా మనుషుల వల్లే. లోపల చేతులు విసరొద్దు, గబగబా నడవొద్దు అని కొత్తవాళ్లకు మొదటిరోజే చెప్పేది అందుకే.